పాత కారుకీ పుట్టుపూర్వోత్తరాలు వుంటాయి



ఒక ఇల్లు కొనాలనుకున్నామనుకోండి. ముందుగా ఏం చేస్తాం? సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ముప్ఫై ఏళ్ళకు ఈ.సి. తీయిస్తాం. లింకు డాక్యుమెంట్లన్నీ తెప్పించి లాయరుగారి ముందు పెడతాం. కాసు బంగారం కొన్నా హాల్‌మార్కు వుందా, దాని పక్కన ఆరు అక్షరాల నంబరు వుందా అని కళ్ళజోడు పెట్టుకుని మరీ చూస్తాం. ఇక పెళ్ళి సంబంధం సంగతి చెప్పనే అక్కర్లేదు. అటు ఏడు తరాలూ, ఇటు ఏడు తరాలూ చూడమన్నారు పెద్దలు. కాని అదేం చిత్రమో, పాత కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రంగు బాగుందా, సీట్లు మెత్తగా వున్నాయా, ఏ.సి. చల్లగా వస్తోందా, ఇంతే చూస్తాం. ఆ కారు ఎవరింట్లో పుట్టింది, ఎన్ని చేతులు మారింది, ఏ నీళ్ళలో మునిగింది అని అడగాలన్న ఆలోచనే రాదు.

"పాత కార్ల గోల మాకెందుకమ్మా, అది మగవాళ్ళ వ్యవహారం కదా" అని మీలో కొందరు అనుకోవచ్చు. కాదండీ, ఇది మన వ్యవహారమే. ఎలాగంటారా? మీ అమ్మాయో, అబ్బాయో, కాకపోతే మీ ఆడపడుచుగారి పిల్లో ఎం.ఎస్. చదువుకోడానికి అమెరికా వెళ్ళి వుంటుంది. డల్లాసు, హ్యూస్టను వంటి చోట్ల మన సిటీ బస్సుల్లాగా వీధి చివర బస్సులు వుండవు. పాల ప్యాకెట్టు కావాలన్నా కారు తియ్యాల్సిందే. రెండు నెలలు స్నేహితుల కారులో తిరిగాక, ఒక రాత్రి ఫోను వస్తుంది. "అమ్మా, మంచి కారు దొరికింది. ఎనిమిది వేల డాలర్లే. రేపటిలోగా చెప్పకపోతే పోతుందట. నాన్నతో నువ్వు చెప్పు." ఎనిమిది వేల డాలర్లంటే మన రూపాయల్లో సుమారు ఏడు లక్షలు. ఆ డబ్బు సంగతి అలా వుంచండి, ఆ కారులో కూర్చుని గంటకు డెబ్భై మైళ్ళ వేగంతో రోడ్డు మీద పోయేది మన బిడ్డ. అందుచేత ఆ ఫోను వచ్చిన రాత్రి మనం ఏమేమి అడగాలో ముందే తెలుసుకుని వుండటం మంచిది.

ముందు అసలు భయం ఎక్కడుందో చెప్పుకుందాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమంతా మునిగిపోయిన సంగతి మీకు గుర్తుండే వుంటుంది. ఇళ్ళ ముందు పెట్టిన కార్లు ఎన్ని నీళ్ళలో తేలాయో టీవీల్లో చూశాం. అటువంటిదే, అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది, 2017 ఆగస్టులో అమెరికాలో హ్యూస్టను నగరానికి వచ్చింది. హార్వీ అనే తుఫాను. లక్షల కార్లు మునిగాయి.

మునిగిన కారు ఏమవుతుంది? ఇన్సూరెన్సు కంపెనీవాళ్ళు వచ్చి చూసి, బాగుచెయ్యడానికయ్యే ఖర్చు దాని విలువతో పోలిస్తే మరీ ఎక్కువ, లాభం లేదు అని తేలుస్తారు. దీన్ని వాళ్ళు 'టోటల్ లాస్' అంటారు. యజమానికి డబ్బు ఇచ్చేసి కారును తాము తీసుకుని వేలంలో అమ్మేస్తారు. కారు యాజమాన్యాన్ని చెప్పే కాగితాన్ని అక్కడ 'టైటిల్' అంటారు. ఆ టైటిల్ మీద రాష్ట్ర ప్రభుత్వంవారు ఒక ముద్ర వేస్తారు. 'సాల్వేజ్' అని, 'ఫ్లడ్' అని, బాగుచేశాక 'రీబిల్ట్' అని ఇలా. ఈ ముద్రనే 'బ్రాండ్' అంటారు.

ఇంతవరకూ బాగానే వుంది. కాని ఆ కారును వేలంలో చవగ్గా కొన్నవాడు ఏం చేస్తాడు? ఎండలో ఆరబెట్టి, కింద తివాచీలు మార్చి, సీట్లు కడిగి, సెంటు కొట్టి, వేరే రాష్ట్రానికి తోలుకుపోతాడు. అమెరికాలో యాభై రాష్ట్రాలు, యాభై రకాల పద్ధతులు. ఒక రాష్ట్రంలో వున్న ముద్ర ఇంకో రాష్ట్రంలో వుండదు. కొత్త రాష్ట్రంలో కొత్త టైటిల్ తీసుకునేసరికి ఆ ముద్ర కాస్తా మాయమైపోతుంది. బట్టలు వుతికినట్టు కాగితాన్ని వుతకడమన్న మాట! వాళ్ళు కూడా దాన్ని 'టైటిల్ వాషింగ్' అనే అంటారు. కారు బయటికి నిగనిగలాడుతూ వుంటుంది. లోపల వైర్లు మాత్రం తుప్పు పడుతూనే వుంటాయి. అవసరమైన క్షణాన ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోవచ్చు, బ్రేకుల్ని నడిపించే ఎలక్ట్రానిక్ భాగాలు మొరాయించవచ్చు. అదండీ అసలు ప్రమాదం.

మరి అమ్మే డీలరు ఇవన్నీ చెప్పి అమ్మాలని చట్టం లేదా అంటారేమో. వుంది, లేదు! ఎందుకంటే దాని వెనుక ఒక కథ వుంది.

అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అని ఒక సంస్థ వుంది. వ్యాపారులు కొనుగోలుదార్లను మోసగించకుండా చూడటం దాని పని. ఆ కమిషన్‌వారు 1981లో పాత కార్ల డీలర్లకు ఒక రూలు తయారుచేశారు. కారులో పెద్ద లోపాలేవైనా వున్నాయని డీలరుకు తెలిస్తే, వాటిని కాగితం మీద రాసి కారుకు అంటించాలన్నది అందులోని ముఖ్యమైన షరతు. డీలర్లు గగ్గోలు పెట్టారు. 1982లో అక్కడి పార్లమెంటు, అంటే కాంగ్రెసు, ఆ రూలును కొట్టివేసింది. అలా కొట్టివేసే పద్ధతి రాజ్యాంగానికి విరుద్ధమని 1983లో సుప్రీంకోర్టు చెప్పింది. సరే, రూలు మళ్ళీ లేచి కూర్చుంది గాని, 1984లో కమిషన్‌వారు దాన్ని తిరగరాసినప్పుడు ఆ 'తెలిసిన లోపాలు చెప్పాలి' అన్న ముక్కనే తీసేశారు. పప్పు మిగిలింది, పోపు పోయింది. ఆ రూలు 1985 మే నుంచి అమలులో వుంది. 2016లో కొంత సవరించారు.

ఆ రూలు ప్రకారం ఇప్పుడు ఏం చెయ్యాలి? ఏడాదిలో ఐదుకు మించి పాత కార్లు అమ్మే ప్రతివాడూ డీలరు కిందే లెక్క. అతను అమ్మకానికి పెట్టిన ప్రతి కారు మీదా 'బయ్యర్స్ గైడ్' అనే కాగితం కొట్టొచ్చినట్టు కనబడేలా పెట్టాలి. సీటు కిందో, డిక్కీలోనో దాచిపెడితే కుదరదు. ఆ కాగితం మీద రెండు గళ్ళు ముఖ్యం. ఒకటి 'ఆజ్ ఈజ్', అంటే కారు ఎలా వున్నది అలాగే అమ్ముతున్నాము, రేపు ఏమైనా చెడితే మాకు సంబంధం లేదు అని. రెండవది 'వారంటీ', అంటే ఇన్నాళ్ళలోపు ఫలానా భాగాలు చెడితే ఖర్చులో ఇంత శాతం మేము భరిస్తాము అని. ఏ గడిలో టిక్కు పెట్టారన్నది చూడకుండా సంతకం పెట్టారంటే, ఇక దేవుడే దిక్కు. కొన్ని రాష్ట్రాలలో మాత్రం 'ఆజ్ ఈజ్' అమ్మకాన్ని చట్టం ఒప్పుకోదు. మెయిన్, విస్కాన్సిన్ అనే రెండు రాష్ట్రాలకు వాటి సొంత రూళ్ళున్నాయి.

ఈ గైడ్ గురించి మరో మంచి సంగతి వుంది. అమ్మకపు ఒప్పందంలో ఒకటి, గైడ్‌లో మరొకటి వుంటే గైడ్‌లో వున్నదే చెల్లుతుంది. అందుచేత డీలరు నోటితో చెప్పిన హామీలన్నీ ఆ కాగితం మీద రాయించుకోవాలి. "ఏమీ ఫరవాలేదండీ, ఏదైనా వస్తే మేము చూసుకుంటాం" అన్న మాట గాలిలో కలిసిపోతుంది. ఇంకో విశేషం, అమ్మకం స్పానిష్ భాషలో మాట్లాడి జరిగితే గైడ్ కూడా స్పానిష్‌లోనే ఇవ్వాలి. తెలుగులో మాట్లాడి అమ్మితే తెలుగులో ఇవ్వాలన్న రూలు మాత్రం ఇంకా రాలేదు! కాబట్టి మన పిల్లలు ఆ ఇంగ్లీషు ఓపిగ్గా చదువుకోవలసిందే.

ఇప్పుడు చూశారా, డీలరు అబద్ధం చెప్పకూడదని ఫెడరల్ రూలులో వుంది. కారు కండిషను గురించి తప్పుడు మాట చెబితే ఒక్కొక్క తప్పుకూ యాభై వేల డాలర్లకు పైగా జరిమానా పడవచ్చు. కాని తెలిసిన లోపాన్ని తనంతట తాను రాసిపెట్టాలని మాత్రం ఆ రూలులో లేదు. అబద్ధానికి శిక్ష వుంది, మౌనానికి లేదు. ఆ మౌనాన్ని పూరించడానికి వచ్చినదే కారు చరిత్ర రిపోర్టు.

దీన్ని మన భాషలో కారుకు ఈ.సి. అనుకోండి, సరిపోతుంది. ఇంటికి సర్వే నంబరు ఎలాగో, కారుకు 'విన్' అనే నంబరు అలాగ. 1981 మోడలు నుంచి ఈ నంబరులో పదిహేడు అక్షరాలూ అంకెలూ వుంటాయి. ఒకటీ సున్నాలతో పొరబడకుండా ఇంగ్లీషులోని ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో వాడరు. డ్రైవరు వైపు అద్దంలోంచి చూస్తే డాష్‌బోర్డు మూల మీద కనిపిస్తుంది. తలుపు చట్రం మీద అతికించిన స్టిక్కరు మీద వుంటుంది. టైటిల్ కాగితం మీద వుంటుంది. ఈ మూడు చోట్లా ఒకటే నంబరు వుండాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా, ఆ కారుకు ఒక నమస్కారం పెట్టి ఇంటికి వచ్చెయ్యమనండి.

ఆ నంబరుతో రిపోర్టు తీస్తారు. కార్‌ఫాక్స్, ఆటోచెక్ అనేవి ప్రైవేటు కంపెనీలు ఇచ్చే రిపోర్టులు. యాక్సిడెంట్లు, సర్వీసులు, ఎంతమంది యజమానులు, అద్దె కారుగా తిరిగిందా, ఇటువంటివి వాటిలో వుంటాయి. ఇవికాక ప్రభుత్వం తరపున ఒకటి వుంది. 1992లో కారు దొంగతనాలను అరికట్టడానికి చేసిన చట్టం కింద ఏర్పడిన నేషనల్ మోటార్ వెహికల్ టైటిల్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్ అది. పేరు పొడుగు, పని మాత్రం సూటి. ఇందాక చెప్పిన కాగితం వుతికే విద్యకు ఇదే విరుగుడు. ఒక రాష్ట్రంలో పడిన ముద్ర ఇంకో రాష్ట్రానికి వెళ్ళినా చెరిగిపోకుండా ఇందులో నిలిచి వుంటుంది. ప్రజలు దీన్ని చూడగలగడం 2009 నుంచి మొదలైంది. ఇన్సూరెన్సు కంపెనీలు, తుక్కు యార్డులవాళ్ళు తమ దగ్గరికి వచ్చిన కార్ల వివరాలు ఇందులోకి పంపించి తీరాలి. ఈ రిపోర్టు కొద్ది డాలర్లకే దొరుకుతుంది. ఇందులో ఐదు సంగతులు చూడవచ్చు: ఇప్పటి టైటిల్ ఏ రాష్ట్రానిది, దాని మీద ఏ ముద్రలు పడ్డాయి, మీటరు ఎంత తిరిగింది, టోటల్ లాస్ అయిందా, తుక్కు యార్డుకు ఎప్పుడైనా వెళ్ళిందా.

కాలిఫోర్నియావాళ్ళు ఇంకో అడుగు ముందుకు వేశారు. 2012 జూలై 1 నుంచి అక్కడ ఏ డీలరైనా పాత కారును అమ్మకానికి పెట్టేముందు ఈ ప్రభుత్వ రిపోర్టు తీయించి తీరాలి. అందులో ముద్ర గాని, టోటల్ లాస్ గాని కనిపిస్తే కారు మీద ఎర్రరంగు హెచ్చరిక కాగితం అంటించాలి. కొనేవాళ్ళకు ఆ రిపోర్టు కాపీ చేతికి ఇవ్వాలి. సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక వేసినట్టన్న మాట. అన్ని రాష్ట్రాలలోనూ ఇలాగే చేద్దామా అన్న ఆలోచన ఫెడరల్ కమిషన్‌వారికీ వచ్చింది. డీలరు రిపోర్టు తీయించి వుంటే, ఆ సంగతి గైడ్ మీద చెప్పి కాపీ ఇవ్వాలని 2014లో ప్రతిపాదించారు. 2016లో రూలు ఖరారు చేసేటప్పుడు మాత్రం ఆ భారం డీలరు మీద పెట్టకుండా, 'చరిత్ర రిపోర్టు తీయించుకోండి' అని కొనేవాళ్ళకు సలహా ఇచ్చే వాక్యం గైడ్‌లో చేర్చి సరిపెట్టారు. అంటే ఏమిటన్న మాట? టెక్సాసులో వున్న మీ అమ్మాయికి ఆ ఎర్రకాగితం ఎవరూ అంటించి చూపించరు. తానే అడిగి చూడాలి.

కెనడాలో టొరంటో చుట్టుపక్కల కూడా మనవాళ్ళు చాలామంది వున్నారు కనుక అక్కడి సంగతీ ఒక ముక్క చెబుతాను. అంటారియో రాష్ట్రంలో డీలర్లను అదుపులో పెట్టడానికి ఓమ్‌విక్ అనే సంస్థ వుంది. అక్కడ 2010 జనవరి నుంచి వున్న నిబంధనల ప్రకారం డీలరు మౌనంగా వుండటానికి వీల్లేదు. కారు టాక్సీగా గాని, పోలీసు బండిగా గాని, రోజువారీ అద్దెకు గాని తిరిగిందా, నీళ్ళు లోపలి అడుగుభాగం దాకా వచ్చాయా, నిప్పు అంటుకుందా, ఎయిర్‌బ్యాగులు పనిచేస్తున్నాయా, దెబ్బతిన్నప్పుడు బాగుచేతకు మూడు వేల డాలర్లకు పైగా అయిందా, ఇలాంటివన్నీ అమ్మకపు ఒప్పందంలోనే రాతపూర్వకంగా చెప్పాలి. చివరికి ఒక గొప్ప షరతు వుంది. తెలివిగల కొనుగోలుదారు నిర్ణయాన్ని మార్చగలిగే ఏ సంగతినైనా సరే చెప్పాలి! అద్దెకు తిరిగిన సంగతో, టైటిల్ మీద ముద్ర సంగతో, మీటరు సంగతో సరిగా చెప్పలేదని తేలితే, కారు చేతికి వచ్చిన తొంభై రోజులలోపు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. అక్కడి డీలర్లు చరిత్ర రిపోర్టు తీయించేది అందుకే. తనకు తెలియకుండా ఏదైనా దాగి వుంటే ఆ తప్పు తన మెడకు చుట్టుకుంటుందని. అయితే రిపోర్టు చేతిలో పెట్టినంత మాత్రాన పని అయిపోలేదు, ఒప్పందంలో రాయవలసింది రాయవలసిందే.

ఇక్కడ మీరు ఒక ప్రశ్న వెయ్యవచ్చు. "అయితే రిపోర్టు శుభ్రంగా వుంటే కారు మంచిదేనా?" అని. ఇదే, ఈ ప్రసంగంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. మళ్ళీ ఈ.సి. దగ్గరికి వద్దాం. ఈ.సి.లో ఏముంటుంది? రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే వుంటాయి. నోటిమాట అప్పులు, తెల్లకాగితం ఒప్పందాలు, అన్నదమ్ముల తగాదాలు అందులో కనిపిస్తాయా? కనిపించవు. కారు రిపోర్టూ అంతే. ఎవరైనా నమోదు చేసిందే అందులో కనిపిస్తుంది. కారు గుద్దుకున్నాక ఇన్సూరెన్సుకు చెప్పకుండా, పోలీసులకు తెలియకుండా సొంత డబ్బుతో షెడ్డులో బాగుచేయించుకుంటే రిపోర్టులో ఒక్క ముక్క కూడా వుండదు. పైగా ఇన్సూరెన్సు కంపెనీలు, యార్డులు నెలకొకసారి వివరాలు పంపుతాయి. పోయిన నెల మునిగిన కారు ఈ నెల రిపోర్టులో కనబడకపోవచ్చు. కాబట్టి శుభ్రమైన రిపోర్టు అంటే కారు శుభ్రంగా వున్నదని కాదు, ఇంతవరకూ చెడ్డమాట ఎవరూ నమోదు చెయ్యలేదని మాత్రమే.

అందుకని రిపోర్టు మీద వున్న తేదీ తప్పకుండా చూడాలి. డీలరు ఆరునెలల కిందట వేలంలో కొన్నప్పుడు తీసిన రిపోర్టు చూపిస్తే సరిపోదు. ఈ రోజు తేదీతో మన డబ్బుతో మనమే తీయించుకుంటే మంచిది. తరువాత మీటరు రీడింగులు వరసగా చదవాలి. 2021లో సర్వీసుకు వచ్చినప్పుడు 92,000 మైళ్ళు వుండి, 2023లో 61,000 మైళ్ళు వుంటే అదేం గారడీ? కాలం ముందుకు పోతే మీటరు వెనక్కి వెళుతుందా? అమ్మేవాళ్ళు మీటరు రీడింగు రాసి సంతకం పెట్టాలని అమెరికాలో 1972 చట్టం నుంచీ వున్నది. ఇదివరకు పదేళ్ళు దాటిన కార్లకు ఆ రాత అక్కర్లేకపోయేది. 2011, ఆ తరువాతి మోడళ్ళకు ఇప్పుడు ఆ గడువు ఇరవై ఏళ్ళు చేశారు. అదీకాక రెండు రిజిస్ట్రేషన్ల మధ్య ఏడాది పాటు కారు ఏ వూసూ లేకుండా మాయమైతే, ఆ ఏడాది ఎక్కడ వుందో అడగాలి. తుఫాను వచ్చిన ప్రాంతంలో వుండి, ఆ వెంటనే దూరపు రాష్ట్రంలో టైటిల్ మారితే మరీ జాగ్రత్త పడాలి.

రిపోర్టు తరువాత మెకానిక్కు. డీలరు మెకానిక్కు కాదండోయ్, మన తరపు మెకానిక్కు. వంద, రెండు వందల డాలర్ల మధ్య తీసుకుని కారును పైకెత్తి అడుగుభాగమంతా చూసి చెబుతాడు. 'మా మెకానిక్కు చూడవచ్చునా అని డీలరును అడగండి' అని ఆ గైడ్‌లోనే అచ్చువేసి వుంటుంది. ఒప్పుకుని తీరాలని చట్టం లేదు గాని, ఒప్పుకోనివాడి దగ్గర కొనాలనీ చట్టం లేదు కదా!

మెకానిక్కుకన్నా ముందు మన ముక్కు వుండనే వుంది. ఆవకాయ జాడీ మూత తియ్యగానే బూజు పట్టిందో లేదో మన ముక్కు చెప్పేయదూ? అలాగే మునిగిన కారు తలుపు తీస్తే ముక్క వాసన వస్తుంది. ఆ వాసన కప్పడానికి ఘాటైన సెంటు కొట్టివుంటే అనుమానం ఇంకా ఎక్కువ కావాలి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడమనండి, కొసన మడ్డి మరక వుంటే నీళ్ళు అంతవరకూ వచ్చాయని అర్థం. సీటు కింద పట్టాల స్క్రూలకు తుప్పు, హెడ్‌లైటు అద్దం లోపల చెమ్మ, మ్యాట్ల కింద సన్నని వండ్రు, ఇవీ గుర్తులు.

ఇంకొకటి మిగిలింది, రికాల్. తయారుచేసిన కంపెనీయే "ఈ భాగంలో లోపం వుంది, తీసుకురండి, వుచితంగా మారుస్తాం" అని పిలవడాన్ని రికాల్ అంటారు. దీని వెనుక ఒక తల్లి కథ వుంది. 2004లో కాలిఫోర్నియాలో రెయిచెల్, జాక్వెలిన్ హౌక్ అనే ఇద్దరు అక్కచెల్లెళ్ళు అద్దె కారులో ఇంటికి వస్తున్నారు. ఒకరికి ఇరవై నాలుగేళ్ళు, ఇంకొకరికి ఇరవై. ఆ కారుకు అప్పటికే రికాల్ వచ్చి వుంది, కాని బాగుచెయ్యకుండానే అద్దెకిచ్చారు. దారిలో కారు అదుపు తప్పి లారీని గుద్దుకుంది, ఇద్దరూ పోయారు. వాళ్ళ తల్లి ఊరుకోలేదు. పదేళ్ళకు పైగా పోరాడింది. 2015లో చట్టం వచ్చింది, ఆ ఇద్దరు పిల్లల పేర్ల మీదనే. 2016 జూను నుంచి అద్దె కార్ల కంపెనీలు రికాల్ బాగుచెయ్యని కారును అద్దెకివ్వకూడదు. కాని చూడండి, పాత కార్లు అమ్మే డీలర్లకు ఇటువంటి ఫెడరల్ చట్టం లేదు. రికాల్ అలాగే వున్న కారును అమ్మవచ్చు. ఆ ప్రభుత్వ టైటిల్ రిపోర్టులోనూ రికాల్ సంగతి వుండదు. అందుకని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ, ఎన్.హెచ్.టి.ఎస్.ఎ. వారి వెబ్‌సైటులో ఆ పదిహేడు అక్షరాల నంబరు కొట్టి చూడాలి. పైసా ఖర్చు లేదు, రెండు నిమిషాల పని. రికాల్ వుంటే ముందు అది చేయించి, ఆ తరువాతే కారు తీసుకోవాలి.

"మన తెలుగువాళ్ళే అమ్ముతున్నారమ్మా, వాట్సాప్ గ్రూపులో పెట్టారు, డీలరు కాదు" అని పిల్లలు అంటారు. మంచిదే. కాని ఒక్క సంగతి గుర్తుంచుకోండి. డీలరుకున్న రూళ్ళేవీ ఒకటీ అరా అమ్ముకునే మామూలు మనిషికి వర్తించవు. గైడ్ వుండదు, వారంటీ వుండదు. కాబట్టి అక్కడే రిపోర్టు మరింత అవసరం. టైటిల్ మీద అమ్మేవాడి పేరే వుందా, కారు మీద అప్పేమైనా మిగిలి వుందా అన్నది కూడా చూడాలి. ఈ అప్పు సంగతి చరిత్ర రిపోర్టులో దొరక్కపోవచ్చు, టైటిల్ కాగితంలోనూ, ఆ రాష్ట్రపు మోటారు వాహనాల శాఖలోనూ కనుక్కోవాలి. మనవాడే అయితే నంబరు చూపించడానికి, మెకానిక్కు దగ్గరికి తీసుకురావడానికి ఏమీ అనుకోడు. అనుకున్నాడంటే ఆలోచించుకోవలసిందే.

మన వూళ్ళో కొనే కార్ల సంగతేమిటి అని మీకు తోచే వుంటుంది. మన దేశంలో 2023 ఏప్రిల్ నుంచి పాత వాహనాల డీలర్లకు కొత్త నిబంధనలు వచ్చాయి. రవాణా శాఖ అధికారుల దగ్గర అనుమతి పత్రం పొందిన డీలరుకు యజమాని కారు అప్పగించి, ఆ సంగతి ఆన్‌లైనులో తెలియజేస్తే, అమ్ముడుపోయేదాకా ఆ డీలరునే యజమానిగా భావిస్తారు. ఇదివరకు మనం అమ్మిన కారు ఎక్కడో ఏదో చేస్తే నోటీసు మన ఇంటికి వచ్చేది కదా, ఆ బాధ తప్పించడానికన్న మాట. కాబట్టి కొనేముందు డీలరుకు ఆ అనుమతి వుందా అని అడగండి. ఆర్.సి. మీద ఎందరి చేతులు మారిందో, ఫైనాన్సు తీరిందో లేదో, చలానాలు ఎన్ని మిగిలాయో, ఇన్సూరెన్సు క్లెయిములు ఏమున్నాయో అడిగి చూసుకోండి. వరదనీళ్ళ గుర్తులు మాత్రం హ్యూస్టనులోనైనా, విజయవాడలోనైనా ఒకటే.

సరే, ఇప్పుడు ఆ రాత్రి ఫోను వచ్చిందనుకోండి. కంగారుపడి డబ్బు పంపకండి, కోప్పడనూ కోప్పడకండి. నెమ్మదిగా ఈ ఆరు మాటలు అడగండి. "అమ్మలూ, నంబరు మూడు చోట్లా ఒకటే వుందా? ఇవాళ్టి తేదీతో రిపోర్టు తీయించావా? టైటిల్ మీద ఏదైనా ముద్ర వుందా? రికాల్ చూశావా? మన మెకానిక్కు చూశాడా? గైడ్‌లో ఏ గడిలో టిక్కు వుంది?" ఈ ఆరింటికీ జవాబు వచ్చాక డబ్బు సంగతి మాట్లాడవచ్చు. "రేపటికల్లా పోతుందట" అంటే, "పోతే పోనీ తల్లీ, ఇంకోటి వస్తుంది" అనండి. కార్లకేం, బోలెడు దొరుకుతాయి.

ఈ ఆరు ప్రశ్నలూ ఒక చీటీ మీద రాసి, ఫ్రిజ్ తలుపు మీద పాలవాడి లెక్క పక్కనే అంటించుకోండి. అవసరం వచ్చిన రోజున వెతుక్కోనక్కర్లేదు. ఇక సెలవు.